మిగిలిన స్క్రూల సీసా

మా వీధి స్వయం మరమ్మతు సంఘం వారు రిపేరు బాబాయిని ఘనంగా సన్మానించారు. సభ దిగ్విజయంగా జరిగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

రిపేరు బాబాయి నాకంటే చాలా చిన్నవాడు. వీధంతా బాబాయి అంటోంది కాబట్టి నేనూ అంటాను. నలుగురితో నారాయణ అన్నారు కదా. అదే లెక్కన ఆయన భార్య నాకు పిన్ని.

బాబాయిది గొప్ప సిద్ధాంతం. వస్తువులు తయారుచేసేవాళ్ళకు బుద్ధి లేదని, అవసరానికి మించి స్క్రూలు బిగిస్తారని ఆయన కనిపెట్టాడు. అందుకే ఆయన ఏది విప్పి బిగించినా కొన్ని మిగులుతాయి. వాటిని గాజు సీసాలో వేసి ముందుగదిలో పెట్టాడు. డాక్టరు కడుపులోంచి తీసిన రాళ్ళను చూపించినట్టు, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు.

ఆ ఇంట్లో వస్తువులు చెడిపోనక్కర్లేదు. బాబాయికి సెలవొస్తే చాలు. గోడ గడియారం బాగుచేస్తే ముళ్ళు వెనక్కి నడిచాయి. వయసు తగ్గుతుందిలే అన్నాడు. కుళాయి బాగుచేస్తే నీళ్ళు పైకి చిమ్మాయి. వంట, స్నానం ఒకే చోట అయిపోయాయి. వీధి తలుపు గడియ బాగుచేశాక ఇంటిల్లిపాదీ లోపలే ఉండిపోయారు. దొంగల భయం తీరింది.

ఇందులో ఇంకో విశేషముంది. మర్నాటి సాయంత్రానికల్లా అన్నీ చక్కగా పనిచేసేవి.

"వస్తువుకి కాస్త టైమివ్వాలి. మందు వంటబట్టాలా వద్దా?" అనేవాడు బాబాయి.

ఆ టైములో ఏం జరిగేదో ఇనప సామాను కొట్టు ముందున్న బల్లకు తెలుసు. నేను కూర్చునేది ఆ బల్ల మీదే. నోరు తెరవను కనుక నన్నూ బల్లలోనే జమ కట్టారు.

బాబాయి ఆఫీసుకు వెళ్ళగానే పిన్ని సీసాలోంచి కావలసిన స్క్రూలు ఏరుకుని, ఎక్కడివి అక్కడ బిగించేది. సీసా వెలితి పడితే ఆయన మనసు కూడా వెలితి పడుతుంది. అందుకని కొట్టుకొచ్చి, తీసినన్ని కొని, సీసాలో పోసేది.

"ఇదేం తిప్పలమ్మా? నేనే బాగుచేస్తున్నానని చెప్పెయ్యకూడదూ?" అన్నాడోసారి కొట్టాయన.

"చెబితే రేపట్నించి అది నా పనైపోతుంది అన్నయ్యా. ఇప్పుడైతే నా సరదా."

"పోనీ, ఆయన్ని మానమను."

"అయ్యో, ఆయన మానేస్తే నాకేం మిగుల్తుంది? ఆయన పాడుచేస్తేనే కదా!"

ఆ గడియారం తన చేతిలో మొదటిసారి ముందుకు నడిచినప్పుడు, పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా లేవకుండా దాని ముందే కూర్చుండిపోయిందట. ఆ మాట చెబుతుంటే ఆవిడ మొహం తోమిన చెంబులా ఉంది. కొట్టాయన చిల్లర ఇవ్వడం మరిచిపోయాడు. ఆవిడ అడగడం మరిచిపోలేదు.

ఇక సన్మానం. ముఖ్య అతిథి భారీ మనిషి. హాల్లో ఉక్క. ఆయన కోసం వేదిక మీద టేబుల్ ఫ్యాను పెట్టారు. అది బాగా తిరుగుతోంది. అదే దాని పాపమైంది. ప్రజల కోసం దాన్ని ప్రత్యక్షంగా బాగుచేస్తానని బాబాయి ప్రకటించాడు.

విప్పాడు. బిగించాడు. పనితనం జనానికి కనిపించాలని ముందువైపు జాలీ మాత్రం పెట్టలేదు. స్క్రూలు మిగిలాయి. ఎత్తి చూపించి, ఇంటి నుంచి వెంట తెచ్చుకున్న సీసాలో వేశాడు. చప్పట్లు. ప్లగ్గు పెట్టాడు. మోటారు గుయ్యిమంది. రెక్కలు కదల్లేదు.

బాబాయి మొహం వాడిపోయింది. టైమివ్వాలి అందామంటే అతిథి చెమటలో తడిసి ముద్దయ్యాడు.

వెనక వరసలో ఒకడు కిసుక్కున నవ్వాడు. బాబాయి అది విన్నాడు. "ఇంక ఈ జన్మలో స్క్రూ ముట్టుకోను" అని గొణిగాడు.

ఆ మాట ముందు వరసలో ఉన్న పిన్నికి వినబడింది. పరువు పోతే పోయింది, ఆవిడ సరదా పోయేలా ఉంది. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని వేదిక ఎక్కింది.

అప్పుడే అతిథి మైకు అందుకున్నాడు. "సోదర సోదరీమణులారా! చెయ్యి పురుషుడిది. ఆ చేతికి కాఫీ అందించే చెయ్యి స్త్రీది. ఎవరి చెయ్యి ఎక్కడుండాలో అక్కడుంటేనే సమాజం తిరుగుతుంది!"

పిన్ని చెయ్యి అప్పటికి ఫ్యాను మీద ఉంది. ముందు ప్లగ్గు పీకింది. బాబాయి ఎప్పుడూ పీకడు. బాబాయి తలొంచుకునే ఉన్నాడు. అతిథి వెడల్పు చాటున, రెక్కల్ని ఇరుసుకు పట్టి ఉంచే స్క్రూను సీసాలోంచి ఏరి బిగించింది. చేతిసంచిలో అద్దం, దువ్వెన పక్కన స్క్రూడ్రైవరు ఎందుకుందని అడక్కండి. అందులోంచే కొత్త స్క్రూ తీసి సీసాలో వేసి లెక్క సరిచేసింది. ప్లగ్గు పెట్టి దిగిపోయింది.

రెక్కలు గిర్రున తిరిగాయి. అతిథి ఉపన్యాసం కాగితాలు ఎగిరిపోయాయి. చప్పట్లు రెట్టింపయ్యాయి. అవి ఫ్యానుకో, కాగితాలకో సంఘం ఇంకా తేల్చలేదు.

"చెప్పానా, టైమివ్వాలని!" అన్నాడు బాబాయి. మెళ్ళో పతకం వేశారు.

పిన్ని వచ్చి అత్తగారి పక్కన కూలబడింది. నేను వాళ్ళ వెనకే ఉన్నాను.

"చేతికి గ్రీజంటింది, తుడుచుకోవే" అంది అత్తగారు, వేదిక మీంచి చూపు తిప్పకుండా.

పిన్ని గతుక్కుమంది. "నూనె అత్తయ్యా. వంటింట్లో అంటింది."

"నా దగ్గరా? మీ మామగారు కుర్చీలు బాగుచేసేవారు. మిగిలిన మేకులు డబ్బాలో దాచేవారు. ఆ కుర్చీల మీద మీ ఆయన పడకుండా కూర్చుని పెద్దవాడెలా అయ్యాడనుకున్నావే?"

ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. తల్లి, భార్య ఆనందబాష్పాలు రాల్చారని సంఘం మినిట్సులో రాసుకున్నారు.

ఇంటింటికీ ఒక సీసా ఉండాలని సభ తీర్మానించింది. వీధిలో మగవాళ్ళంతా స్క్రూడ్రైవర్లు పట్టారు. మర్నాటి నుంచి ఇనప కొట్టు దగ్గర ఆడవాళ్ళు బారులు తీరారు. నాకు బల్ల మీద చోటు దొరకడం లేదు.

అయ్యా, మీ ఇంట్లోనూ అలాంటి సీసా ఉంటే చక్కగా చూసుకుని మురవండి. నిండుగా ఉందేమిటని మాత్రం అడక్కండి. ఫ్యాను తిరుగుతోంది కదా.