దూలం కింద బండి

ఆ ఉదయం వెల్డింగు మేస్త్రి పెట్టుకున్న పని ఒక్కటే. షెడ్డులోంచి బావమరిది ట్రక్కును బయటకు తీసి, తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టాలి. బండి పల్టీ కొట్టినా లోపలివాళ్లు నలిగిపోకుండా క్యాబిన్ చుట్టూ బిగించే ఇనప పైపుల చట్రాన్ని రోల్ కేజ్ అంటారు. కిందటేడు మేస్త్రి కట్టిన కేజ్‌ని ఈ ఇన్‌స్పెక్టరే "పిట్టల పంజరం" అని నవ్వి తిరగ్గొట్టాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు. ఈసారి ఆ నోటితోనే "గట్టిది" అనిపించుకోకపోతే బావమరిదికి కొండదారి ట్రక్కుల పోటీ లేదు, తనకిక ఎవడూ పని ఇవ్వడు.

బావమరిది బండిని కదిలించాడు. కేజ్ షట్టరు మీది దూలానికి ఠంగున తగిలింది.

"చక్రాలు ఊడదీసి, స్టాండ్ల మీద పెట్టి కేజ్ కట్టారు. ఆ తర్వాత ఇంతేసి టైర్లు వేశారు. ఎత్తు చూసుకోండని చెప్పానా లేదా?" అంది భార్య.

"చెప్పావులే. ఇప్పుడు ఊరంతా చాటించు," అని మేస్త్రి కస్సుమన్నాడు.

టైర్లలో గాలి తీశారు. చాల్లేదు. బరువెక్కిస్తే స్ప్రింగులు అణుగుతాయని భార్యనీ, చూడ్డానికి వచ్చిన అత్తగారినీ వెనక ఎక్కించాడు. బండి బుద్ధిగా కుంగి, దూలం కిందికి జారింది.

అక్కడైనా మేస్త్రి నోరు మూసుకోవచ్చు కదా.

"అత్తయ్యగారూ, మీరొక్కరే చాలు. ఇసుక బస్తాలెందుకు దండగ," అన్నాడు.

అత్తగారు విసురుగా దిగిపోయింది. "మా అమ్మని అంత మాటంటారా?" అంటూ భార్యా దిగింది. స్ప్రింగులు ఒక్కసారిగా లేచాయి. కేజ్ దూలాన్ని పైకి కుమ్మి బిగుసుకుపోయింది.

"ఇరుక్కుంది బావా. అమ్మని బతిమాలు," అన్నాడు బావమరిది కేజ్ లోంచి.

"నేనా? చచ్చినా బతిమాలను. తొక్కరా."

బావమరిది తొక్కాడు. దూలం గోడలోంచి ఊడి, సగం కప్పుతో సహా బండి మీద పడింది. ఆడవాళ్లిద్దరూ కెవ్వుమన్నారు. దుమ్ము అణిగాక చూస్తే, కేజ్ లోపల బావమరిది గీత కూడా పడకుండా కూర్చుని దగ్గుతున్నాడు.

అప్పుడే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వంగి, పైపులన్నీ తడిమి, అతుకతుకూ సుత్తితో కొట్టి చూశాడు.

"ఒక్క అతుకూ విడలేదు. కిందటేడు నేనే తొందరపడ్డాను. గట్టిది. పాస్."

మేస్త్రి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడాది కోపం ఆ ఒక్క మాటతో దిగిపోయింది. "విన్నారా అందరూ? ఒరేయ్, ఇక తియ్యరా బండి," అన్నాడు.

"తీస్తే మిగతా కప్పు కూలుతుంది. దాన్ని మోస్తున్నది మీ కేజే," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పోటీని బావమరిది జనంలో నిలబడి చూశాడు. బండి షెడ్డును మోస్తూ నిలబడింది.