ఎనిమిదో వరుస

పక్కింటి కుట్టుమిషను ఆవిడ పై వాటా ఆవిడతో అన్నదట, పై వాటా ఆవిడ మెట్లు దిగుతూ గుమాస్తా భార్య చెవిన వేసిందట: "కింది వాటా ఆయనకి మనసు బాగా లేనట్టుంది. పొద్దున్నే బల్ల ముందు కూర్చుని ఎనిమిదిని తిడుతున్నాడు. నీకిక్కడ చోటు లేదు, లేచి ఫో, సిగ్గులేదా అంటున్నాడు. పాపం ఆ ఇల్లాలు ఎలా వేగుతోందో!"

ఈ సంగతి భార్య ఎప్పుడు చెప్పాలో అప్పుడు చెప్పలేదు. తెల్లారి ఐదింటికి, మొగుడు రెండు కాగితాలు ముందేసుకుని ఆఖరిసారి సరిచూసుకుంటున్నప్పుడు చెప్పింది. గుమాస్తా ఒంటికాలి మీద లేచాడు.

"తిట్టాను! తిట్టక? ఒక ఎనిమిది కూర్చున్నచోటికి చదరంగం గుర్రం ఎత్తు దూరంలో ఇంకో ఎనిమిది వచ్చి కూర్చుంటే పీట వేసి మర్యాద చెయ్యమంటావా?"

"నాకెందుకండీ చెప్తారు? ఆవిడకి చెప్పండి."

"ఆవిడకి మామూలు సుడోకే రాదు. మొహం చూస్తేనే తెలుస్తుంది."

అతను బస్సు డిపోలో డ్యూటీ చార్టు వేసే గుమాస్తా. డిపోలో తొమ్మిది మంది డ్రైవర్లు, తొమ్మిది రూట్లు. తొమ్మిది రోజులకొక చార్టు. అడ్డంగా తొమ్మిది వరుసలు, వరుసకొక డ్రైవరు. నిలువుగా తొమ్మిది వరుసలు, వరుసకొక రోజు. గడిలో ఏ అంకె ఉంటే ఆ రోజు ఆ డ్రైవరుకి ఆ రూటు. గడి ఖాళీగా ఉంటే సెలవు, ఆ రూటుకి పక్క డిపో మనిషి వస్తాడు. చార్టు మీద పేర్లుండవు, తేదీలుండవు. ఎవరి వరుస ఎన్నోదో ఎవరికి తెలియదు గనక!

ఒకటో నంబరు రూటు వెన్నముద్దలాంటి రోడ్డు. భోజనం వేళకి బస్సు తిరిగొచ్చేస్తుంది. తొమ్మిదో నంబరు రాళ్ళ క్వారీ వైపు వెళ్తుంది. ఆ గుంతల్లో పొద్దంతా తిరిగొచ్చినవాడికి నడుం ఎక్కడుందో తడుముకుంటే గాని తెలియదు. "సారూ, తొమ్మిది మళ్ళీ నాకే పడిందేం?" అని మీసాల డ్రైవరు అప్పుడప్పుడు వచ్చి గొణుగుతుంటాడు. "లెక్క అలా పడింది. ఇది అంకెల అల్లిక. ఒక్క గడి కదిలిస్తే ఎనభై కూలతాయి" అంటాడు గుమాస్తా. లెక్క అనే మాట వినగానే మీసాల డ్రైవరు మీసం దించుకుని వెళ్ళిపోతాడు.

అతని ప్రాణమంతా రెండో కాగితం మీదే ఉంది. పజిళ్ళ పత్రికలో చివరి పేజీ ఆరితేరినవాళ్ళది. పదకొండేళ్ళుగా ఆ పేజీని విప్పుతున్నాడు, దానిలో తప్పులు పట్టి సంపాదకురాలికి కారాలూ మిరియాలూ నూరుతూ ఉత్తరాలు రాస్తున్నాడు. ఆ పేజీ కూర్చే పెద్దాయన మొన్న తప్పుకున్నాడు. ఎవరి పజిల్ బాగుంటే పేజీ వాళ్ళదేనని పత్రిక ప్రకటించింది. గడువు ఇవాళ మధ్యాహ్నం పన్నెండు.

నాలుగు నెలలు చెమటోడ్చి కూర్చిన పజిల్ అది. చుక్కల గీతతో పంజరాలు. పంజరం మూలన చిన్న అంకె, లోపలి గడులన్నీ కలిపితే అంత రావాలి. బూడిద రంగు థర్మామీటర్లు. బుడ్డి దగ్గర్నుంచి కొసదాకా అంకెలు పెరుగుతూ పోవాలి. వీటి పైన గుర్రం నియమం. చదరంగంలో గుర్రం దూకేటంత దూరంలో అదే అంకె మళ్ళీ ఉండకూడదు. ఇంతా చేసి ముందుగా ఇచ్చిన అంకెలు రెండే రెండు. మిగతా డెబ్భై తొమ్మిది గడులూ ఖాళీ. అదీ అతని గర్వం. అంకెలు దండిగా ఇచ్చే సుడోకు, అతని దృష్టిలో, అన్నం కలిపి నోట్లో పెట్టడంతో సమానం.

చార్టుకీ పజిల్‌కీ ఒకటే కాగితం, ఒకటే స్కేలు, ఒకటే పెన్ను. పైగా అతనికో అలవాటు. జవాబు ఎవరి కంటా పడకూడదని ఏ కాగితాన్నైనా నాలుగు మడతలు పెట్టి బోర్లా పెడతాడు.

వీధి తలుపు చప్పుడైంది. బావమరిది. అదే డిపోలో డ్రైవరు. కొత్త చార్టు పట్టుకెళ్ళి నోటీసు బోర్డు అద్దాల వెనక పెట్టే పని అతనిదే.

"బావగారూ, చార్టు!"

"ఏమండీ, తమ్ముడి నడుం సంగతి..." అంది భార్య మెల్లిగా.

"చూశాన్లే. కుట్టుమిషను ఆవిడతో చెప్పు, మళ్ళీ ఈ గోడకి చెవి ఆనించిందంటే..." అంటూనే ఒక మడతల కాగితం తీసి బావమరిది చేతిలో పెట్టాడు. రెండోది కవరులో పెట్టి, జిగురు రాసి, పిడికిలితో నాలుగు గుద్దులు గుద్ది భార్యకిచ్చాడు. ఆవిడ పనిచేసే మందుల షాపు పత్రికాఫీసు ఉన్న వీధిలోనే. "ఎనిమిదింటికల్లా ఇచ్చెయ్. చేతికే ఇవ్వు" అన్నాడు. ఆ గుద్దులన్నీ కుట్టుమిషను ఆవిడకు చెందవలసినవి. కోపంలో ఏ చేత్తో ఏది తీశాడో చూసుకోలేదు.

పదింటికి డిపో చేరేసరికి గేటులో ఐదు బస్సులు ముట్టెలు ముట్టెలు ఆనించుకుని ఇరుక్కుని ఉన్నాయి. ఐదింటి నుదుటా ఒకటో నంబరు బోర్డే. ఐదుగురూ హారన్లు కొడుతూ ఒకరి వంశాన్ని ఒకరు తవ్విపోస్తున్నారు. మేనేజరు చొక్కా పై గుండీ ఊడిపోయి ఉంది.

"వచ్చారా మహానుభావా! ఇదేం చార్టు?" అన్నాడు మేనేజరు పళ్ళు కొరుకుతూ.

గుమాస్తా నోటీసు బోర్డు అద్దాల వెనక్కి చూశాడు. అతని పజిల్!

జరిగింది ఇది. పొద్దున్నే బోర్డు చూసిన డ్రైవర్లకి దాదాపు గడులన్నీ ఖాళీగా కనిపించాయి. ఖాళీ అంటే సెలవు. ఐదుగురు కళ్ళకద్దుకుని ఇంటిదారి పట్టారు, బావమరిది క్యాంటీనులో చేరాడు. ఇంటికి పోయినవాళ్ళలో ఒకడు వెళ్తూ వెళ్తూ గుమాస్తా కడుపు చల్లగుండాలని దీవించాడు కూడా. మొదటి రెండు వరుసలవాళ్ళ గడులని చుట్టి ఒక చుక్కల పంజరం, మూలన పదకొండు అంకె. అంటే ఇద్దరూ కలిసి పదకొండో నంబరుకి వెళ్ళాలన్నమాట అని వాళ్ళు తేల్చుకున్నారు. పదకొండో రూటంటూ ఈ భూమ్మీద లేదు. అయినా కొత్తగా వేశారేమోనని ఒకే బస్సెక్కి, నలభై మంది ప్రయాణికులతో సహా, దాన్ని వెతుక్కుంటూ పోయారు. మేనేజరు ఫోన్లు చేసి ఇంటికి పోయిన ఐదుగురినీ లాక్కొచ్చి, "మీ రూట్లు మీరే రాసుకు చావండి, బస్సులు కదలాలి" అన్నాడు. ఐదుగురూ పెన్ను అడిగి ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి అని రాసుకున్నారు.

గుమాస్తాకి గేటు కనపడలేదు, బస్సులు కనపడలేదు. కాగితం మీది బాల్‌పెన్ను సిరా ఒక్కటే కనపడింది.

"ఒకే నిలువు వరుసలో ఐదు ఒకట్లా!" అని గొంతు చించుకున్నాడు. "మీరు అన్నమే తింటున్నారా? ఒక అంకె వరుసలో ఒక్కసారే రావాలన్న ఇంగితం ఉండక్కర్లేదూ? నియమం అంటే లెక్కలేదా మీకు?"

"ముందు నాకు చెప్పండి," అన్నాడు మేనేజరు, "ఈ బూడిద రంగు గొట్టమేంటి? మురుగు కాలవా?"

"థర్మామీటరు!"

"డిపోకి జ్వరమొచ్చిందా?"

అప్పటిదాకా బోర్డు పక్కన చేతులు కట్టుకు నిలబడ్డ మీసాల డ్రైవరు ముందుకొచ్చాడు. పొద్దుట్నుంచీ అతను బస్సెక్కలేదు, ఇంటికీ పోలేదు. అతని మొహం కమిలిపోయి ఉంది.

"ఊరందరికీ సెలవు. నా ఒక్కడికే డ్యూటీ. అదీ తొమ్మిది. ఇదేం పగ సారూ?"

నిజమే. ఇవాళ్టి నిలువు వరుసలో గుమాస్తా రాసిన అంకె ఒక్కటే. ఎనిమిదో గడిలో తొమ్మిది.

"అది డ్యూటీ కాదయ్యా, ఆధారం! ఆ తొమ్మిది అక్కడ లేకపోతే మొత్తం పజిల్ విడదు!"

"అంటే నేను క్వారీకి పోతేగాని మీ ముడి విడదంటారు."

గుమాస్తాకి అప్పుడు గుర్తొచ్చింది కవరు. పజిల్ ఇక్కడుంటే కవరులో ఏమున్నట్టు? గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. ఇంకో గంటన్నర. పత్రికాఫీసుకి ఫోను చేసి, చేతులు పట్టుకున్నంత పని చేసి, సిరా లేని కాగితం మీద మళ్ళీ గీసి పట్టుకెళ్తే పేజీ దక్కుతుంది. జవాబంతా కంఠతా వచ్చు. గీయడానికి గంట చాలు.

మేనేజరు గదిలోకి పరుగెత్తాడు. ఆ ఫోను రిసీవరు విరిగి ఆరునెలలైంది. మాట్లాడితే స్పీకరులోనే మాట్లాడాలి. సంగతేంటో తేల్చుకుందామని డ్రైవర్లంతా గుమ్మంలో మూగారు. అందరికన్నా వెనక, క్యాంటీను గోడకి ఆనుకుని, బావమరిది ఒక చేత్తో నడుం పట్టుకుని నిలబడ్డాడు.

"మీకే ఫోను చెయ్యబోతున్నాను," అంది సంపాదకురాలు. లెక్కల టీచరుగా ముప్ఫై ఏళ్ళు పిల్లల చెవులు మెలేసిన గొంతు అది. "పదకొండేళ్ళుగా నాకు తప్పులు పట్టింది మీరేనా?"

"అమ్మా, ఒక్క మాట..."

"నా మాట వినండి ముందు. ఆరితేరినవాళ్ళ పేజీకి పజిల్ పంపమంటే తొమ్మిదంటే తొమ్మిదే ఖాళీలున్న కాగితం పంపుతారా? ఒకటో తరగతి పిల్లలకా? సరే, ఇందులో ఏదో కొత్త రకం దాగుందేమోనని గంటన్నర బుర్ర బద్దలు కొట్టుకున్నాను. నిలువు వరుసలన్నీ బంగారంలా ఉన్నాయి. అడ్డు వరుసల్లోనే ఉంది కిటుకు. నాలుగో వరుసలో ఒకటి ఏడుసార్లు వచ్చింది. ఏడుసార్లు! ఒక రెండు, ఒక ఖాళీ. నాలుగో వరుసకి ప్రత్యేక నియమం ఏదైనా ఉందా? ఉంటే కింద రాయాలి కదా?"

గుమ్మంలో తలలు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి తిరిగాయి, క్యాంటీను గోడ వైపు. బావమరిది నడుం మీది చెయ్యి తీసేశాడు.

"అమ్మా, అది... పొరపాటున వేరే కాగితం..."

"ఇంకా వినండి. ఎనిమిదో వరుసలో తొమ్మిది ఏడుసార్లు! ఇదేం పజిలండీ? ఎనిమిదో వరుస మీకేం పాపం చేసింది?"

మీసాల డ్రైవరు జనాన్ని తోసుకుని బల్ల దగ్గరికొచ్చాడు. ఫోను మీదికి వంగాడు.

"నేనేనమ్మా ఎనిమిదో వరుసని."

"ఎవరు?" అంది సంపాదకురాలు.

"తొమ్మిదో నంబరు బస్సు తోలేవాణ్ణి. అది పజిల్ కాదు, మా డ్యూటీ చార్టు. నాలుగో వరుస ఈయన బావమరిదిది."

ఆవిడ, ఉత్తరాల లెక్క ఇన్నాళ్ళకి తీరినట్టు, నింపాదిగా అంది: "అలాగా. అయితే ఈ తప్పు పట్టింది నేనే అని రాసుకోండి. పేజీ సంగతి వేరేవాళ్ళతో మాట్లాడుకుంటాం." క్లిక్కుమంది.

మేనేజరు గుమాస్తా వైపు చూసిన చూపుకి కాగితమైతే అంటుకునేది. ఖాళీ కాగితం ఒకటి, స్కేలు ఒకటి అతని ముందుకి తోశాడు. "కూర్చోండి. ఇప్పుడే, ఇక్కడే, అందరి ముందూ కొత్త చార్టు వెయ్యండి. మీ సుడోకు నియమంతోనే. ఒక వరుసలో ఒక అంకె ఒక్కసారే."

గుమాస్తా చెవులు ఎర్రబడ్డాయి. నాలుగు నెలల పజిల్ పోయింది, పదకొండేళ్ళ పేజీ పోయింది, ఇంటికెళ్తే భార్య మొహం చూడాలి. అయినా గొంతు తగ్గించలేదు.

"మీకందరికీ ఇది ఆటగా ఉంది. సుడోకులో ఉండేవి అంకెలు, చార్టులో ఉండేది మనుషులు. ఒకడికి నడుం నొప్పి, ఒకడికి ఇంకోటి. అన్నీ చూడాలి. ఇప్పటికిప్పుడంటే ఎలా కుదురుతుంది? ఒక్క గడి కదిలిస్తే ఎనభై కూలతాయి!"

"కూలనియ్యండి," అన్నాడు మీసాల డ్రైవరు. "ముందు నాలుగో వరుసలో తొమ్మిదెయ్యండి."