పేజీ జరిగితేనే పని జరుగుతుంది

నరసరావుపేటలోని సత్వర సేవా విభాగం ఈ ఏడాది ‘పెండింగు లేని కార్యాలయం’గా జ్ఞాపిక అందుకున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పదకొండు నెలల్లో తొమ్మిది వేల పైచిలుకు దరఖాస్తులు వచ్చాయి. ఏ ఒక్కటీ మూడు నిమిషాలకు మించి బల్ల మీద ఆగలేదు. దాదాపు అన్నిటినీ తిరస్కరించారు.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఖర్చు తగ్గుతుందని కంప్యూటర్లలో లైనక్స్ అనే ఉచిత వ్యవస్థ వేయించిన రోజు నుంచీ దరఖాస్తుల విండో సగానికే ఆగిపోయింది. పై మూలనున్న చదరపు గుర్తు నొక్కితే అది తెరంతా పరుచుకోవాలి. పరుచుకోదు. ‘తిరస్కరించు’ అనే బటన్ పేజీకి ఎడమ చివర ఉంది కాబట్టి కనబడుతుంది. ‘మంజూరు’ కుడి చివర ఉంది కాబట్టి కనబడదు. కనబడని బటన్ నొక్కమని ఏ ఉద్యోగినీ బలవంతపెట్టలేం.

విభాగాధికారి రాజారత్నం గారు చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కారు. మొదట కంప్యూటర్ ఆపి మళ్లీ వేయించారు. ఫలితం లేకపోయినా పద్ధతి నచ్చి, అప్పటి నుంచి రోజూ వేయిస్తున్నారు. తర్వాత గుంటూరు నుంచి గోపీనాథ్ అనే నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన రెండు రోజులు తలుపేసుకుని పరిశీలించి, విండో పెద్దది కావడం లేదన్న మాట వాస్తవమేనని ఆరు పేజీల నివేదిక ఇచ్చారు. ఆ పైన రాజారత్నం గారికి చిన్న తెరలో పెద్ద విండో ఎలా పడుతుందన్న శాస్త్రీయమైన సందేహం కలిగి, నలభై మూడు అంగుళాల తెర కొన్నారు. విండో ఎప్పటిలాగే సగంలో ఉండిపోయింది. మిగిలిన ఖాళీలో అమరావతి స్తూపం ఫొటో పెట్టి, తెరను జనం వైపు తిప్పి గోడకు బిగించారు. ఆపరేటర్ బల్ల మీది పాత తెరలో ఏముంటే గోడ మీదా అదే కనబడుతుంది.

“ప్రజల దగ్గర దాచడానికి మాకేమీ లేదు. మీ దరఖాస్తు తిరస్కరణకు గురికావడాన్ని మీ కళ్లతో మీరే చూసుకునే మహత్తర అవకాశాన్ని కల్పిస్తున్నాం” అని రాజారత్నం గారు ప్రారంభ సభలో ప్రసంగించారు. జనం చప్పట్లు కొట్టారు.

ఆపరేటర్ సుధీర్‌కు మాత్రం ఒక విద్య తెలుసు. షిఫ్ట్ కీ పట్టుకుని మౌస్ చక్రం తిప్పితే విండోలోని పేజీ పక్కకు జరిగి, మంజూరు బటన్ బయటపడుతుంది. దీన్ని ఆఫీసులో ‘జరపడం’ అంటారు. పేజీ జరిగితేనే పని జరుగుతుంది. అయితే అందరికీ జరిపితే చక్రం అరిగిపోతుంది గనక, ఎవరి చేతనైనా చెప్పించుకున్నవారికే జరిపేవాడు. ఆ కాసేపూ గోడ మీది తెర ఆపేసేవాడు, కరెంటు పొదుపు కోసం.

ఇలా సజావుగా సాగుతుండగా ఒక మంగళవారం సాయంత్రం నాలుగింటికి అఫ్రీన్ వచ్చింది. పిడుగురాళ్లలో లారీలు బాగుచేసే మౌలాలీ కూతురు. పాలిటెక్నిక్ పూర్తిచేసింది, ఇంజినీరింగులో సీటు వచ్చింది. ఐదింటిలోగా నివాస ధ్రువపత్రం పంపకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. అప్పటికి ఐదుసార్లు తిరస్కరించారు. ఆరోసారి సుధీర్ చెయ్యి ఎడమవైపు వెళ్తుంటే ఆమె ఆపింది.

“అన్నా, ఒక్క నిమిషం ఆ మౌస్ ఇట్టా ఇయ్యి. కాలేజీలో మూడేళ్లు ఈ లైనక్స్ మీదే పనిచేశా.”

“గుంటూరు నుంచి వచ్చినాయన వల్లే కాలేదు, నువ్వేంది చేసేది” అంటూనే టీ వచ్చిందని సుధీర్ లేచాడు.

ఆమె విండో పైపట్టీ మీద కుడి క్లిక్ చేసి, సెట్టింగులు తెరిచి చూసింది. ఈ విండో ఇంతకన్నా పెరగరాదని అక్కడ ఒక నియమానికి టిక్కు పెట్టి ఉంది.

“చెడిపోలేదన్నా ఇది. ఎవరో కావాలని ఆపిపెట్టారు” అంది.

టిక్కు తీసేసి, చదరపు గుర్తు నొక్కింది. విండో గోడంతా పరుచుకుంది.

మంజూరు బటన్ పక్కనే మరో గడి కూడా బయటపడింది. దాని పేరు ‘చెప్పినవారు’. పదకొండు నెలల్లో మంజూరైన రెండు వందల పన్నెండు మంది పేర్లు, ఎవరికి ఎవరు చెప్పారో ఆ పేర్లు, అరచేతి మందాన అక్షరాల్లో వెలిగాయి. వరుసలో నిలబడ్డవాళ్లు చదవడం మొదలుపెట్టి, ఎవరి పేరు దగ్గర వాళ్లు ఆగిపోయారు.

“ఏమే అమ్మాయ్, కళ్లు మండుతున్నయ్. ముందున్నట్టే చెయ్యి” అంది జనంలోంచి రామాయమ్మ అనే ఆవిడ. తెర మీద ఆమె పేరు మూడో వరుసలో ఉంది.

“అవును, అదే బాగుంది. చదవటానికి తేలిక” అన్నారు వెనక నుంచి పదిమంది.

రాజారత్నం గారు గదిలోంచి వచ్చారు. “ప్రజాభిప్రాయం మాకు శిరోధార్యం. విండో ఎంత ఉండాలో నిర్ణయించుకునే హక్కు ప్రజలదే” అని ప్రకటించారు.

“ముందు నాది కొట్టండి సార్. ఐదింటికి సీటు పోద్ది” అంది అఫ్రీన్.

సుధీర్ టీ గ్లాసు పక్కన పెట్టి మర్యాదగానే చెప్పాడు. “కొడతానమ్మా. ఆ గడి ఖాళీగా ఉంటే తీసుకోదు. ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరూ చెప్పలా. నేనే చెబుతున్నా.”

“అది చెల్లదమ్మా.”

టైము నాలుగూ నలభై. గురజాల దగ్గర ఓ ఊరికి మాజీ సర్పంచి అయిన బ్రహ్మయ్య వరుసలోంచి ముందుకు వచ్చాడు. చెప్పినవారి గడిలో ఆయన పేరు ముప్పై ఒక్కసార్లు ఉంది. “మౌలాలీ కూతురివా? మా లారీ ఇంజను మీ నాయనే చేశాడు, చానా మంచోడు. నా పేరు రాయించుకో తల్లీ, ఏం పోద్ది?” అన్నాడు. నిజంగా దయతోనే అన్నాడు.

అఫ్రీన్ గడియారం చూసింది. తెర చూసింది. “రాయన్నా” అంది.

మూడు నిమిషాల్లో పత్రం చేతికొచ్చింది. రెండు వందల పదమూడో పేరు గోడ మీదికి ఎక్కింది. ఇక విండోను తగ్గించాలి. ఎలాగో రాజారత్నం గారికి తెలియదు, సుధీర్‌కూ తెలియదు. ఆమె తన దారిన వెళ్లిపోతే అది అలాగే ఉండిపోయేది. గుమ్మం దాకా వెళ్లింది. అక్కడి నుంచి కూడా తన పేరు స్పష్టంగా కనిపించింది. వెనక్కి వచ్చి, ఎవరూ అడగకముందే టిక్కు పెట్టేసింది.

ఆమెను తప్పుపట్టే ఉద్దేశం మాకు లేదు. మీరైతే అలాగే వదిలేసి వచ్చేవారని మీరు గట్టిగా నమ్ముతున్నారనీ తెలుసు. విండో చిన్నదయ్యేలోపు మేం కిందిదాకా చదివాం. మీ పేరు మా పేరుకు రెండు వరుసల కింద ఉంది.