ఐదో సిఫారసు ఉత్తరం

ఆ గురువారం ఉదయం లీకుల డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసు, తొమ్మిదీ అయిదుకి చీఫ్ ఇంజినీరు సంతకం, పదింటికి లాయరమ్మ చేతిలో ఫైలు, పదిన్నరకల్లా మళ్ళీ తన సీటు. ఇందులో తేడా రావడానికి ఎక్కడా చోటు లేదని చొక్కా గుండీలు పెట్టుకుంటూ రెండుసార్లు అనుకున్నాడు. గుండీలు ఒకటి అటూ ఇటూ అయ్యాయని భార్య చెబితే గానీ తెలియలేదు.

డాక్టరంటే మందులిచ్చే డాక్టరు కాదు. నగరానికి నీళ్ళు పంపే సంస్థలో ఉద్యోగి. భూమిలో గొట్టం ఎక్కడ కారుతోందో తవ్వకుండా, కేవలం చప్పుడు విని చెబుతాడు. రోడ్డు మీద చిన్న యంత్రం ఆనించి, చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, కాసేపు కళ్ళు మూసుకుని నిలబడి "ఇక్కడ" అంటాడు. తవ్వితే అక్కడే ఉంటుంది. తమ వంటింటి కుళాయి మూడు నెలలుగా కారుతోందని భార్య అంటుంది గానీ, అది వేరే సంగతి.

పుట్టింది ఈ దేశంలో కాదు. ఉద్యోగం మీద వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఇక ఇక్కడే స్థిరపడదామని నిపుణుల కోటాలో అర్జీ పెట్టుకుంటున్నాడు. దానికి ఐదుగురు పెద్దలు సిఫారసు ఉత్తరాలివ్వాలి. నాలుగు వచ్చాయి. ఐదోది సొంత ఆఫీసు నుంచి రావాలి. ఇక్కడ ఉండడానికున్న అనుమతి శుక్రవారంతో ఆఖరు. అంతకుముందే ఫైలు అందితే చాలు, తీర్పు వచ్చేదాకా ఉండనిస్తారు. గురువారం సాయంత్రం అయిదు గంటల కొరియరు తప్పిందో, అతని ఉద్యోగం, ఆస్పత్రి మందుల కౌంటరులో భార్య ఉద్యోగం, తొమ్మిదో తరగతి పాప చదువు, మూడూ మూటగట్టుకుని బయల్దేరాల్సిందే.

ఈ ఉత్తరాల లోకంలో ఒక ఆనవాయితీ ఉంది. పెద్దవాళ్ళకి రాసే తీరిక ఉండదు. "నువ్వే రాసి పట్రా, సంతకం పడేస్తా" అంటారు. అంటే తన గొప్పతనం గురించి తనే, ఇంకొకరి గొంతుతో రాసుకోవాలన్నమాట. మన డాక్టరు రెండు ఆదివారాలు కూర్చుని, నానా తిప్పలూ పడి రాసింది ఇదీ: "ఇతను వేళకి వస్తాడు. పని ఫర్వాలేదు. ఎవరితోనూ గొడవ పడడు."

లాయరమ్మ అది చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది సిఫారసు ఉత్తరమా, ఇల్లు ఖాళీ చేసేవాడికి ఓనరు ఇచ్చే కాగితమా? మీరు లేకపోతే ఏమవుతుందో రాయాలి సార్!"

"నేను లేకపోతే ఏమవుతుందండీ?" అని అడిగాడతను, నిజంగానే తెలియక.

ఇక లాభం లేదని భార్య కలం లాక్కుంది. గంటలో రాసి పారేసింది. "ఈ విద్య తెలిసిన రెండో మనిషి మా సంస్థలో లేరు. ఇతను ఒక్కరోజు రాకపోతే నాలుగు లక్షల మంది గొంతు తడవదు. ఇతని చెవులే ఈ నగరానికి ప్రాణం." చదువుతూ చదువుతూ డాక్టరు మెలికలు తిరిగిపోయాడు.

"పదహారేళ్ళలో ఒక్కసారైనా నా గురించి ఇలా అన్నావుటే?"

"అర్జీ కోసం రాశానండీ. మీరేం మనసులో పెట్టుకోకండి" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇంత ఘాటు ఉత్తరం మీద చీఫ్ సంతకం పెడతాడా అన్న భయం ఎవరికీ లేదు. ఆయన ఏ కాగితమూ చదివే రకం కాదు. కలం మూత తీసే ఉంటుంది. కాగితం కిందికి వస్తే సంతకం పడుతుంది. కాకపోతే పోయిన వారం ముగ్గురు గుమాస్తాల సెలవు చీటీల మీద ఒకే రోజుకి సంతకం పెట్టి, బిల్లుల విభాగంలో ఫ్యాన్లు తప్ప ఇంకేవీ తిరగని పరిస్థితి తెచ్చాడు. దానికి పైనుంచి అక్షింతలు పడ్డాయి. సోమవారం నుంచి ఆయన ప్రతి ముక్కా చదువుతున్నాడు. ఈ సంగతి డాక్టరుకి తెలియదు, వారమంతా రోడ్ల మీదే ఉన్నాడు మరి.

తొమ్మిదీ అయిదుకి చీఫ్ ఉత్తరం చదవడం మొదలుపెట్టాడు. తొమ్మిదీ పదికి ఆయన ముఖాన నెత్తురు చుక్క లేదు.

"ఏవయ్యా, ఇది నిజమేనా?"

కాదంటే ఉత్తరం అబద్ధం. అవునంటే సొంత డప్పు. "నిజమేనండీ" అన్నాడు డాక్టరు నేల చూపులు చూస్తూ.

"రెండో మనిషి లేరా?"

"లేరండీ."

"మరి నీకు జ్వరమొస్తే?"

"ఇంతవరకూ రాలేదండీ."

"వస్తే? నాలుగు లక్షల మంది గొంతులు నీ రెండు చెవుల్లో పెట్టుకుని తిరుగుతున్నావా? నిన్న నువ్వు సైకిలు మీద రావడం నేను కళ్ళారా చూశాను! లారీల పక్కన!"

"సార్, సంతకం..."

"సంతకం సంగతి తర్వాత. ముందు కూర్చో. కదలకు!"

చీఫ్ తన పైఅధికారిణికి ఫోను చేసి ఉత్తరమంతా చదివి వినిపించాడు. ఆవిడకి వెంటవెంటనే నిర్ణయాలు తీసుకునే మనిషని పేరు. ఇద్దరు మనుషుల్ని పెట్టి, వాళ్ళలో ఒక్కరైనా ఈ పని నేర్చుకునేదాకా డాక్టరు ఆఫీసు గడప దాటకూడదంది. మెట్లెక్కకూడదు. చల్లగాలి తగలకూడదు. ముఖ్యంగా ఆ చెవులు జాగ్రత్త. అయిదు నిమిషాల్లో డాక్టరు చీఫ్ గదిలో సోఫా మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, మెడ దాకా శాలువా, రెండు చెవుల్లోనూ దూది. అవతలి బల్ల మీద అతని మొబైలు మోగుతూనే ఉంది. ఒకసారి లాయరమ్మ, మూడుసార్లు భార్య. పాపం, అతనికి వినిపిస్తేనా!

భార్య ఇక ఉండబట్టలేక ఆఫీసు నంబరుకే చేసింది. చీఫ్ ఎత్తాడు.

"అమ్మా, సమయానికి చేశారు! మీవారికి బీపీ ఉందా? గుండె ఎలా ఉంటుంది?"

"ఆయనకేమైందండీ?"

"ఇంకా ఏమీ కాలేదమ్మా. పడుకోబెట్టాం. మా జాగ్రత్తలో మేం ఉన్నాం."

ఆ "ఇంకా" అన్న మాట చెవిన పడగానే ఆవిడ ఫోను పెట్టేసింది. తెల్లకోటు విప్పే తీరిక కూడా లేక, బయట ఖాళీగా ఉన్న ఆంబులెన్సు డ్రైవరుని బతిమాలి ఎక్కేసింది. దారి పొడుగునా దేవుళ్ళందరికీ మొక్కింది. ఉత్తరంలో రాసినవన్నీ మనసులో ఉన్న మాటలేనని, ఆయనతో ఒక్కసారి చెప్పే అవకాశం ఇమ్మని వేడుకుంది.

ఆంబులెన్సు వచ్చిందని ఆఫీసు గేటు దగ్గర కాపలావాడు పైఅధికారిణికి ఫోను చేశాడు. ఎవరి కోసం అని ఆవిడ అడగలేదు. అడిగేదేముంది? ఉన్నది ఒక్క మనిషి. పది నిమిషాల్లో నగరంలో ప్రతి ఫోనుకీ సందేశం వెళ్ళింది: "అనివార్య కారణాల వల్ల నీటి సరఫరాకు అంతరాయం కలగవచ్చు. అందరూ నీళ్ళు పట్టి ఉంచుకోండి."

భార్య గుండెలు చేత్తో పట్టుకుని గదిలోకి వచ్చి పడింది. సోఫాలో శాలువా కింద మొగుడు. ఒక పక్క స్టోరు కీపరు, ఇంకో పక్క రిసెప్షనిస్టు, ఇద్దరి ఒళ్ళోనూ నోటు పుస్తకాలు. దూది పెట్టుకున్న మనిషి తనకి వినపడేంత గట్టిగా అరుస్తూ పాఠం చెబుతున్నాడు.

"ఏవండీ!" అని ఆవిడ దూది పీకేసింది.

"అరె, నువ్వొచ్చావేంటే? సంతకం ఇంకా కాలేదు" అన్నాడతను.

ఆవిడ అక్కడే నేల మీద కూలబడి, ఏడుపో నవ్వో తెలియకుండా రెండూ కలిపి కానిచ్చింది. అయిదు నిమిషాలకి జరిగిందంతా తెలిసింది. "నేను రాసిన నాలుగు ముక్కలేనా ఇంత పని చేసింది?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకోబోయి, కొంగు లేక కోటు అంచు పెట్టుకుంది.

చీఫ్ మాత్రం పట్టిన పట్టు విడవలేదు. పాఠం సాగాల్సిందే. స్టోరు కీపరు హెడ్‌ఫోను పెట్టుకున్న పావుగంటకి హాయిగా గురక పెట్టాడు. రిసెప్షనిస్టు అలా కాదు. పదిహేనేళ్ళుగా ముందు బల్ల దగ్గర కూర్చున్న మనిషి. లిఫ్టులోంచి ఎవరు దిగారో తలెత్తకుండా అడుగుల చప్పుడుతోనే చెప్పేస్తుంది. గొట్టం మామూలుగా పారే చప్పుడు, చిల్లుపడి కారే చప్పుడు, రెండిటి తేడా డాక్టరు చెప్పీ చెప్పకముందే పట్టేసింది. యంత్రం పట్టుకుని ఆఫీసంతా తిరగడం మొదలుపెట్టింది.

ఈలోగా నగరమంతా కుళాయిలు విప్పింది. బకెట్లు, బిందెలు, స్నానాల తొట్లు, పిల్లల టిఫిను డబ్బాలు అన్నీ నింపారు. రెండున్నరకి ఇంక పట్టడానికి గిన్నె లేక అందరూ దాదాపు ఒక్కసారే కుళాయిలు కట్టేశారు. గొట్టాల్లో నీళ్ళ ఒత్తిడి ఒక్కసారిగా పెరిగింది. ఎక్కడ చిన్న చిల్లున్నా అక్కడ ఉన్న బలమంతా చూపించే సమయం అది.

"సార్, ఇటొకసారి రండి" అని రిసెప్షనిస్టు ముందు మెట్ల దగ్గరినుంచి కేకేసింది. "ఇక్కడ ఎవరో తడి దుప్పటి పిండుతున్నట్టుంది."

డాక్టరు శాలువాతోనే వెళ్ళి, విని, కళ్ళు తెరిచి ఆవిడ వంక చూశాడు. "ఇక్కడ" అన్నారిద్దరూ. తవ్వితే అక్కడే ఉంది. నగరం మొత్తానికి లీకులు కట్టే సంస్థ ముంగిట్లో, సాక్షాత్తూ దాని మెట్ల కింద, పెద్ద గొట్టం ఏళ్ళ తరబడి కారుతోంది. ఆ మెట్ల పక్క పూలమొక్కలు అంత ఏపుగా ఎలా పెరిగాయో చీఫ్‌కి అప్పటికి అర్థమైంది. అది తన చేతి చలవేనని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

సరిగ్గా అప్పుడే పైఅధికారిణి ఫోను. ఆంబులెన్సులో ఎవరినీ ఎక్కించలేదని ఆవిడకి తెలిసింది. నగరం చేత ఊరికే నీళ్ళు పట్టించినందుకు సంజాయిషీ ఎవరిస్తారని అడుగుతోంది. జన్మలో మొదటిసారి చీఫ్ బుర్ర చురుగ్గా పనిచేసింది. "ఊరికే కాదు మేడమ్. పెద్ద గొట్టం మరమ్మతు. రెండు గంటలు సరఫరా ఆపుతున్నాం. మీరు ముందే హెచ్చరించడం ఎంత మంచిదయిందో!" ఆవిడ చల్లబడింది. తన ముందుచూపు తనకే ముచ్చటేసిందేమో, చీఫ్‌ని కూడా మెచ్చుకుంది.

అప్పటికి గంట నాలుగయింది. డాక్టరు ఉత్తరం తీసి మళ్ళీ బల్ల మీద పెట్టాడు. చీఫ్ కలం ఎత్తి, దించేశాడు.

"ఎలా పెట్టనయ్యా? రెండో మనిషి లేరని ఉంది ఇందులో. రెండో మనిషి ఇదిగో, మట్టికాళ్ళతో నా ఎదురుగా నిలబడింది. చదివాక అబద్ధం మీద ఎలా పెడతాను?"

డాక్టరు నేర్పి మరీ చేజేతులా తన కొంప తనే ముంచుకున్నాడు. తొమ్మిదేళ్ళు విన్న వీధులన్నీ కళ్ళముందు తిరిగాయి. ఇంటికెళ్ళి పాపతో ఏం చెప్పాలో అతనికి తోచలేదు.

భార్య ముందుకొచ్చింది. "సార్, నేను రాసింది వదిలేయండి. మీరు చూసింది మీరే రాయండి. ఎంతుంటే అంతే."

చీఫ్ సొంతంగా ఉత్తరం రాసి ఇరవై ఏళ్ళయింది. తలుపేసుకున్నాడు. పావుగంట తర్వాత ఒక కాగితం ఇచ్చాడు.

"ఇతను తెలిసింది దాచుకోడు. ఈ ఉదయం మా రిసెప్షనిస్టుకి తన పద్ధతి నేర్పాడు. మధ్యాహ్నానికి ఆవిడ మా ఆఫీసు మెట్ల కింద లీకు పట్టుకుంది. దాని మీద నేను ఏళ్ళుగా నడుస్తున్నాను. ఇతను ఉంటే ఇలా వినగలిగేవాళ్ళు ఊరూరా తయారవుతారు. వెళ్ళిపోతే నాకు చాలా బాధగా ఉంటుంది."

ఆఖరి వాక్యం దగ్గర డాక్టరు కళ్ళు చెమర్చాయి. భార్య చేయి పట్టుకుని లాక్కెళ్ళకపోతే అక్కడే నిలబడిపోయేవాడు. నాలుగూ నలభైకి లాయరమ్మ దాన్ని రెండుసార్లు చదివింది.

"రెండో మనిషి ఉందని చెప్పేశారు కదండీ, మునిగినట్టేనా?" అని భార్య అడిగింది.

"మునగడమా! ఒక్కడికే చేతనయితే అది ఆయన గొప్పే. నలుగురికి నేర్పగలిగితే అది దేశానికి పనికొచ్చే పద్ధతి. మిగతా నాలుగూ పొగడ్తలమ్మా, సాక్ష్యం ఇదొక్కటే" అని లాయరమ్మ ఫైలుకి తాడు బిగించింది. కొరియరు బండి కదులుతుండగా డాక్టరు పరిగెత్తి అందించాడు. ఆ రోజంతా అతన్ని నడవనివ్వకపోవడం వల్ల కాళ్ళలో బలం బాగానే మిగిలింది.

నాలుగు నెలల తర్వాత ఒక సోమవారం ఆఫీసు ముందు బల్ల మీద ఫోను మోగింది.

"అమ్మా, మావారిని ఒక్కసారి పిలుస్తారా?"

"నేనేనే, చెప్పు."

"మీరా? ముందు బల్ల దగ్గర మీకేం పని?"

చెప్పాలంటే పెద్ద కథ. రిసెప్షనిస్టుని లీకుల విభాగానికి మార్చారు. యంత్రం, హెడ్‌ఫోను, కిటికీ పక్క సీటు ఆవిడకి వెళ్ళాయి. డాక్టరుకి శిక్షకుడన్న కొత్త హోదా ఇచ్చారు గానీ, ఆ హోదాకి కుర్చీ ఇంకా మంజూరు కాలేదు. ఆఫీసులో ఖాళీగా ఉన్న కుర్చీ ఒక్కటే.

"ఇంటికొచ్చి చెప్తాలే. ఏంటి సంగతి?"

"ఫైలు పాసయిందండీ! ఇప్పుడే కాగితం వచ్చింది. వినండి, ఏం రాశారో. 'ఈ నిపుణుడి సేవలు దేశానికి అత్యవసరం.' ఏవండీ, ఇంక మనల్ని ఇక్కణ్ణించి ఎవరూ కదపలేరు!" డాక్టరు చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

బల్లకి అవతల ఎవరో వచ్చి నిలబడి గొంతు సవరించుకున్నారు. దేశానికి అత్యవసరమైన ఆ నిపుణుడు ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి అన్నాడు: "చీఫ్ గారు మీటింగులో ఉన్నారండీ, కూర్చోండి."