వాగులో దుంగ

ఒక పెద్ద అడవిలో అన్నీ సవ్యంగా ఉండేవి కాబట్టి అక్కడి జంతువులకు పక్క అడవి గురించి బాధపడే తీరిక దొరికింది. పక్కనున్న చిన్న అడవిలో తోడేళ్లూ రేచుకుక్కలూ ఏళ్ల తరబడి కొట్టుకున్నాయి. ఎందుకు కొట్టుకున్నాయో చివరికి వాటికే గుర్తులేదు. ఆ గొడవ నడిచినన్నాళ్లూ రెండు పక్షాలకూ పదునైన ముళ్లు సరఫరా చేసింది మాత్రం పెద్ద అడవి ముళ్లపందులే. ఆ సంగతి సభల్లో ఎవరూ ఎత్తరు, మనమూ ఎత్తొద్దు.

గొడవ సద్దుమణిగేసరికి చిన్న అడవి సగానికి పైగా కాలిపోయింది. కాలిన మద్దిచెట్టు ఒకటి వాగుకు అడ్డంగా పడింది. దాని వెనక రాళ్లూ బురదా పేరుకుని, నీళ్లు దారి మార్చుకుని కొండ అవతలికి పోయాయి. దిగువన ఇసుక మిగిలింది.

ఆ దిగువనే మచ్చమ్మ అనే దుప్పి ఉండేది. నీళ్ల కోసం రోజూ పిల్లల్ని వెంటబెట్టుకుని కొండ దాటి మొసలి మడుగుకు పోయేది. పోయిన వేసవిలో పెద్దపిల్లను మొసలి లాగేసింది. ఇక మిగిలింది చిన్నపిల్ల ఒక్కటే. అందుకే పెద్ద అడవి నుంచి సహాయ సంఘం వస్తోందని తెలియగానే మచ్చమ్మ అందరికంటే ముందు వెళ్లి నిలబడింది.

సంఘానికి అధ్యక్షుడు భద్రయ్య అనే ఏనుగు. సలహాదారు ధవళరావు అనే కొంగ. ఏ కరువు ప్రాంతానికి వెళ్లినా ధవళరావు ఒంటికాలి మీద నిలబడి చాలాసేపు కళ్లు మూసుకునేవాడు, అందువల్ల మేధావి అని పేరొచ్చింది. స్థానిక ప్రతినిధిగా సాంబయ్య అనే కొండముచ్చును వేసుకున్నారు. గొడవల్లో సాంబయ్య ఏ పక్షమో ఎవరికీ తెలియదు. కొమ్మ మీద కూర్చుని, గెలిచేవాళ్లెవరో తేలాక అటు దూకడం అతని పద్ధతి.

"అయ్యగారూ, మాకేమీ వద్దు. ఆ దుంగ తీసేయండి చాలు. మీరు తొండం వేస్తే ఎంతసేపు?" అంది మచ్చమ్మ.

భద్రయ్య కళ్లు చెమర్చాయి. అతను చెడ్డవాడేం కాదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. "నీ కష్టం నా కష్టం తల్లీ," అని కొంగ వైపు చూశాడు. దుంగ తీయడం తాత్కాలిక ఉపశమనమేననీ, ముందుగా దుప్పుల్లో దాహం గురించి అవగాహన పెంచాలనీ ధవళరావు వివరించాడు. అవగాహన పెంచాలంటే ఉపన్యాసం కావాలి, ఉపన్యాసానికి ఎత్తైన చోటు కావాలి. చుట్టూ చూస్తే దుంగ కనబడింది. భద్రయ్య దాని మీదికెక్కి మాట్లాడాడు.

ఆ రోజుతో దుంగకు దశ తిరిగింది. పావురాలు వచ్చి దాని మీద నుంచి శాంతి గురించి చెప్పాయి. చీమలు వచ్చి పొదుపు గురించి చెప్పాయి. నీళ్లులేని వాగులో చేపల పెంపకం గురించి ధవళరావు ఎంతో ఆసక్తిగా మాట్లాడాడు. వచ్చిన అతిథుల కాళ్ల కింద పచ్చగడ్డి పరచడం మర్యాద అని సాంబయ్య తేల్చడంతో, అడవిలో మిగిలిన కాస్త గడ్డీ అలా పోయింది. మచ్చమ్మ ప్రతి సభలోనూ లేచి దుంగ సంగతే అడిగేది. ప్రశ్నలన్నీ చివర్లో అని సాంబయ్య కూర్చోబెట్టేవాడు. చివర్లో భోజనాలుండేవి.

ఒకనాడు భద్రయ్య ఉపన్యాసం మధ్యలో కాలు మార్చుకుంటే దుంగ కిర్రుమంది. చప్పట్ల హోరులో అది విన్నది మచ్చమ్మ ఒక్కతే.

మర్నాడు ఆమె సాంబయ్య దగ్గరికి వెళ్లింది. మనకింత చేసిన పెద్దలకు సన్మానం చేయకపోతే ఏం బాగుంటుంది అంది. దుంగ తప్ప ఇంకో మాట ఎరగని దుప్పికి ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందని సాంబయ్య పొంగిపోయాడు.

"ఎవరెవర్ని పిలుద్దామంటావు?"

"అందర్నీ పిలువు బాబూ. ఒక్కర్ని వదిలినా చిన్నబుచ్చుకుంటారు."

"అంతమందికి వేదిక మీద చోటు చాలుతుందా?"

"పెద్దవాళ్లను ఇసుకలో కూర్చోబెడతామా?" అంది మచ్చమ్మ.

సన్మానమంటే రానన్నవాడు లేడు. సాంబయ్య ఒక్కొక్కర్నీ వేదికను అలంకరించవలసిందిగా కోరాడు. భద్రయ్య అలంకరించాడు. భద్రయ్య బావమరిది అలంకరించాడు, ఆయన చేసిన సేవేమిటో ఎవరూ అడగలేదు. అడవిదున్న ఎక్కాడు. శాంతికి ఎనలేని కృషి చేసినందుకు ముళ్లపందుల పెద్ద ఎక్కాడు. దుంగ మూలిగింది. మచ్చమ్మ పిల్లను పక్కకు లాక్కుంది. దుంగ నిలబడింది.

అప్పుడు కింద కూర్చున్న ఎలుగుబంటి మొహం మాడ్చుకుని లేచి, పిలవని పేరంటానికి తను రాలేదని గట్టిగానే అన్నాడు. సాంబయ్య లెంపలేసుకుని, పొరపాటును మన్నించి వేదికనలంకరించమని బతిమాలాడు. ఎలుగుబంటి బెట్టు చేసి, చేసి, ఎక్కాడు.

దుంగ నడిమికి విరిగింది. పెద్దలందరూ దండలతో సహా బురదలో పడ్డారు. వాళ్ల మీదుగా నీళ్లు దిగువకు దూకాయి. మచ్చమ్మ పిల్ల మొదటిసారి బెదురు లేకుండా, అటూ ఇటూ చూడకుండా నీళ్లు తాగింది. మచ్చమ్మకు ఏడుపొచ్చింది, చచ్చిపోయిన పెద్దపిల్ల గుర్తొచ్చి మరీ ఏడ్చింది.

భద్రయ్య బురద తుడుచుకుంటూ లేచాడు. కోప్పడలేదు, ఆ కన్నీళ్లు చూసి అతని మనసు కరిగిపోయింది. ఈ పేద అడవికి ఉన్న ఒక్క వేదికా కూలిపోయిందన్నాడు. ఇది అత్యవసర పరిస్థితి అని ధవళరావు తేల్చాడు.

"వద్దయ్యగారూ," మచ్చమ్మ అడ్డం వచ్చి నిలబడింది. "నీళ్లొచ్చాయి. ఇంక మాకేమీ చేయకండి."

"నీ మొహమాటం నాకర్థమైంది తల్లీ," అన్నాడు భద్రయ్య.

ఇన్నాళ్లలో మొట్టమొదటిసారి అతను తొండం వాడాడు. బావమరిదీ అడవిదున్నా తలో చెయ్యీ వేశారు. పొద్దు వాలకముందే కొండ మీది పెద్ద బండను దొర్లించుకొచ్చి, ఇక ఎన్నటికీ విరగకుండా, సరిగ్గా అదే చోట వాగుకు అడ్డంగా నిలిపారు. నీళ్లు మళ్లీ కొండ అవతలికి తిరిగాయి.

మచ్చమ్మ పిల్లను వెంటబెట్టుకుని మొసలి మడుగు దారి పట్టింది. బండ మీద ఒంటికాలిపై నిలబడి ధవళరావు వాళ్లను చూపించాడు. చూశారా, తల్లీ పిల్లా ఎంత క్రమశిక్షణగా నీళ్లకు పోతున్నారో, ఇదంతా మన అవగాహన సదస్సుల ఫలితమే అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నీతి: కష్టం తీరే వేళకు, సాయం చేసేవాళ్లు దగ్గర్లో లేకుండా చూసుకోవాలి.