‘వద్దు’ మీట వద్దే వద్దు!

మాట రాని పిల్లల కోసం చేసే యంత్రాల్లో ‘వద్దు’ అనే మాట ఉండకూడదు. ఉంటే దేశానికీ క్షేమం కాదు, ఇంటికీ క్షేమం కాదు, ముఖ్యంగా అక్కలకు అస్సలు క్షేమం కాదు. ఊరికే అనడం లేదు. అనుభవించి అంటున్నాను!

మా తమ్ముడికి ఎనిమిదేళ్లు. మాట రాదు. చెవులు మాత్రం పాముచెవులు. పక్కగదిలో బిస్కెట్ల డబ్బా మూత తీస్తే ఇక్కడ తల తిప్పుతాడు. వేళ్లు చెప్పినట్టు వినవు కాబట్టి ఏ పనైనా పిడికిలితోనే కానిస్తాడు. పోయిన ఏడాది ఒక సంస్థవాళ్లు వాడికి మాట్లాడే పలక ఇచ్చారు. దాని మీద బొమ్మల మీటలుంటాయి. గ్లాసు బొమ్మ నొక్కితే పలకే నీళ్లు అడుగుతుంది.

ఎలా అడుగుతుందనుకున్నారు?

“దయచేసి నాకు మంచినీటిని ప్రసాదించగలరు!”

గొంతు యాభై ఏళ్ల పెద్దమనిషిది. వార్తలు చదివి చదివి రాటుదేలిన గొంతు. అది మొదటిసారి మోగినప్పుడు అమ్మ కుడుతున్న గుడ్డ వదిలేసి మిషను దగ్గర నుంచి లేచి నిలబడింది. నాన్నమ్మ అయితే “కూర్చో బాబూ” అంటూ కుర్చీ కూడా వేసింది. ఆ రోజు నుంచి మావాడి పేరు మంత్రిగారు.

ఇంత మర్యాద మా ఇంట్లో ఎన్నడైనా విన్నామా? నేను నీళ్లడిగితే “చేతులు పడిపోయాయా?” అంటారు. మంత్రిగారు అడిగితే ముగ్గురు పరిగెడతారు.

ఆ పలకలో ఉన్న మాటలు చూడండి. దయచేసి. ధన్యవాదములు. నేను ఆనందముగా ఉన్నాను. నేను మూత్రవిసర్జనకు వెళ్లవలెను. ఎంత సంస్కారం! ‘వద్దు’ లేదు. ‘పో’ లేదు. ‘అది నాది’ లేదు. ‘అక్క గిల్లింది’ అసలే లేదు! దాన్ని తయారుచేసిన మహానుభావులెవరో నా మేలు కోరే చేశారని నా నమ్మకం.

‘వద్దు’ లేని బతుకు ఎంత సాఫీగా సాగుతుందో మీకు తెలియదు.

సెలూన్ ఆయన కత్తెర ఆడిస్తూ “ఇంకొంచెం కురచ చెయ్యనా మంత్రిగారూ?” అని అడుగుతాడు. మంత్రిగారు కంగారుగా పలక మీద ఒక్క గుద్దు గుద్దుతారు. “ధన్యవాదములు!” అంటుంది పలక. సెలూన్ ఆయనకు హుషారు ఎక్కువవుతుంది. ఇంటికొచ్చేసరికి మావాడి తల కొత్త ఇత్తడి చెంబులా మెరుస్తూ ఉంటుంది.

మా అత్తయ్య వస్తుంది. ఆమెకు మేనల్లుడంటే ప్రాణం. ఆ ప్రాణమంతా వాడి బుగ్గల్లోనే ఉన్నట్టు పట్టుకుని పిండుతుంది. వాడి కళ్లలో నీళ్లు తిరుగుతుంటే పలక గంభీరంగా “నేను ఆనందముగా ఉన్నాను” అని ప్రకటిస్తుంది. “నా తండ్రే! అత్తంటే ఎంత ఇష్టమో!” అని రెండో బుగ్గ కూడా అందుకుంటుంది అత్తయ్య.

అయితే మంత్రిగారు ఊరికే మంత్రిగారు అయ్యారా? కొన్నాళ్లకు ఒక రహస్యం కనిపెట్టారు. పలకలో ఒక్క మాట వింటే మాత్రం ఎంతటివాళ్లయినా చటుక్కున చేతులు తీసేస్తారు.

అత్తయ్య బుగ్గ మీదికి చెయ్యి చాచింది. “నేను మూత్రవిసర్జనకు వెళ్లవలెను!” అత్తయ్య బారెడు దూరం జరిగింది.

అంతే! సెలూన్ కుర్చీ ఎక్కించగానే మూత్రవిసర్జన. నాన్న లెక్కల పుస్తకం తీయగానే మూత్రవిసర్జన. ఇంట్లో ఎవరూ లేరు కదా అని నేను పాట ఎత్తుకుంటే, పల్లవి దాటకముందే మూత్రవిసర్జన!

ఇంట్లో కంగారు మొదలైంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు.

“రోజుకి ఎన్నిసార్లు?” అన్నాడు డాక్టరు.

“లెక్కే లేదండీ. లెక్కలు మొదలెట్టినప్పుడైతే మరీ ఎక్కువ” అన్నాడు నాన్న.

డాక్టరు సూది చేతిలోకి తీసుకోగానే పలక మోగింది. “చూశారా, మళ్లీ!” అని ఆయన తలాడించి చేదు మందు రాశాడు. ఆ మందు సీసా చూడగానే వాడు మీట నొక్కేవాడు. మీట నొక్కాడు కాబట్టి రోగం తగ్గలేదని మోతాదు పెంచారు. సాయంత్రమైతే వాడికి నీళ్లు కూడా బంద్. “దయచేసి నాకు మంచినీటిని ప్రసాదించగలరు” అని పలక ఎంత వినయంగా వేడుకున్నా మా ఇంట్లో ఎవరూ కదలలేదు. చూశారా, ఎంత క్రమశిక్షణ!

ఈలోగా సంస్థ నుంచి పలక సారు కెమెరా వేసుకుని వచ్చాడు. “ఎలా ఉంది పలక? ఇబ్బందులేమైనా ఉన్నాయా?” అంటే, “అబ్బే, బ్రహ్మాండం!” అన్నాడు నాన్న. సారు సంతోషించాడు.

“ఇందులో ఒక మీట ఖాళీగా ఉందండీ. మీ గొంతుతోనే ఒక్క మాట నింపుకోవచ్చు. ఏం పెట్టమంటారు?”

“‘నమస్కారమండీ’ అని పెట్టండి. పదిమందిలో పరువుగా ఉంటుంది” అన్నాడు నాన్న.

మంత్రిగారి పిడికిలి పడింది. “నేను మూత్రవిసర్జనకు వెళ్లవలెను.”

“‘నాన్నమ్మ మంచిది’ అని పెట్టు నాయనా. ఈ కొంపలో ఆ ముక్క అనేవాళ్లే లేరు” అంది నాన్నమ్మ.

“నేను మూత్రవిసర్జనకు వెళ్లవలెను.”

అమ్మ పంటికింద దారం తెంపి, మిషను మీంచి తల ఎత్తకుండానే అంది. “‘అమ్మా’ అని పెట్టండి.”

దానికి ఎవరు కాదంటారు? తమ్ముడు అమ్మ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా నొక్కాడు. అదే మీట.

మిషను ఆగిపోయింది.

“పిల్లాడికి ఆగడం లేదు, దొడ్లోకి తీసుకెళ్లవే” అన్నాడు నాన్న నాతో. లేపబోయాను. వాడు కట్టెలా బిగుసుకుపోయి కూర్చున్నాడు. నన్ను చూశాడు. ఆ చూపు చూస్తే నోరు లేనిది వాడికా, నాకా అనిపించింది.

“వాడికి రావడం లేదు” అన్నాను.

“ఏం రావడం లేదు?”

“మూత్రం. వాడు ‘వద్దు’ అంటున్నాడు నాన్నా. ఆ మీట లేక ఇది నొక్కుతున్నాడు. అన్నిసార్లూ అంతే.”

అందరూ నా వైపు తిరిగారు. నేను నా కాళ్ల వైపు తిరిగాను. పలక సారు వంగి వాణ్నే అడిగాడు. “ఏం బాబూ? ‘వద్దు’ అని పెట్టనా?”

పిడికిలి మీట మీదికి పోలేదు. వాడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

“మరి ‘అమ్మా’ అనేది?” నాన్న నసిగాడు.

“అది వాడు పొద్దస్తమానం అంటూనే ఉన్నాడు. నాకు మీటెందుకు?” అంది అమ్మ, మళ్లీ మిషను తొక్కుతూ.

చెప్పినదాన్ని నేనే కాబట్టి గొంతు కూడా నన్నే ఇమ్మన్నారు. మొదటిసారి చెప్పింది పలకకు వినబడనే లేదు, మిషను చప్పుడొక్కటే రికార్డయింది. “గట్టిగా అనమ్మా, అన్నం తినలేదా?” అన్నాడు సారు. కళ్లు మూసుకుని ఒక్క అరుపు అరిచాను. “వద్దు!” వీధిలో కూరగాయల బండామె “వద్దంటే పోతాలే తల్లీ, కరుస్తావేం!” అని గొణుక్కుంటూ బండి తోసుకుపోయింది.

“శభాష్!” అన్నాడు సారు, కెమెరా కంటికి ఆనించి. “ఏదీ, పలక పైకెత్తి అందరూ ఇటు చూడండి. ఒక ఫొటో!”

“వద్దు!” అంది పలక, నా గొంతుతో.

ఇక మా ఇంటి పరిస్థితి ఏం చెప్పమంటారు? సెలూన్ ఆయన ఇప్పుడు అడిగి అడిగి కత్తెర పెడుతున్నాడు. అత్తయ్య బుగ్గలు వదిలేసి, పాపం, వాడితో మాట్లాడడం నేర్చుకుంటోంది. మందు సీసా చెత్తబుట్టలో పడింది. మంత్రిగారు పొద్దుపోయేదాకా నీళ్లు ప్రసాదింపజేసుకుంటున్నారు. నేను పాట మొదలెడితే చాలు, నా గొంతే నన్ను “వద్దు!” అంటోంది. ప్రపంచంలో ఏ గాయనికైనా ఇంత అవమానం జరిగిందా? పైగా వీధిలో అంతా “నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నాం, రోజంతా ఇదేం అరుపు!” అంటున్నారు.

కాబట్టి పలకలు తయారుచేసే పెద్దలకు నా మనవి. ‘ధన్యవాదములు’ ఎన్నయినా పెట్టండి. ‘ఆనందముగా’ పది రకాలుగా పెట్టండి. ‘వద్దు’ మాత్రం పెట్టకండి. పెట్టారా, ఈ పిల్లలు కూడా అందరు పిల్లల్లాగే తయారవుతారు! ఒక్క ‘వద్దు’కే ఇల్లు ఇలా అయిందంటే, రేపు ‘ఎందుకు?’ అనే మాట కూడా దొరికితే పెద్దవాళ్ల గతేం కావాలి?

ఇదంతా మంత్రిగారికి చదివి వినిపించి, “నీ పేరు వెయ్యనా?” అని అడిగాను.

“వద్దు!”

వెయ్యలేదు. “పోనీ, పత్రికకు పంపనా?” అన్నాను.

“నేను మూత్రవిసర్జనకు వెళ్లవలెను.”

ఇప్పుడు ఆ మాటకు ఒక్కటే అర్థం. కలం పారేసి, వాణ్ని ఎత్తుకుని పరిగెత్తాను.