కత్తెర బాబాయి ఆటపెట్టె

కత్తెర బాబాయి ఆ ఉదయం సెలూన్ షట్టరు ఎత్తుతూనే ఒక నిర్ణయానికి వచ్చాడు. తొమ్మిదింటికి బామ్మర్ది ఫోన్ల దుకాణానికి వెళ్లాలి, చవకలో ఒక వీడియో గేమ్ పెట్టె కొనాలి, పదింటికల్లా తిరిగొచ్చి దాన్ని బెంచీ మీద పెట్టాలి. అంతే.

కారణం వీధికి అవతల, సరిగ్గా ఎదురుగానే ఉంది. బాబాయి దగ్గర ఆరేళ్లు పని నేర్చుకున్న శిష్యుడు నాలుగు నెలల కిందట అక్కడ అద్దాల సెలూన్ తెరిచాడు. మూడు మెత్తటి కుర్చీలు, చల్లటి గాలి, గోడ మీద పెద్ద టీవీ. బాబాయి బెంచీ మీద వంతు కోసం కూర్చునేవాళ్లు ఒక్కొక్కరే లేచి వీధి దాటసాగారు. పోయిన వారం శిష్యుడే స్వయంగా వచ్చి, చేతులు కట్టుకుని, "గురువుగారూ, మూడో కుర్చీకి మనిషి కావాలి. మీరొస్తే నాకు కొండంత ధైర్యం. నెలాఖరులోగా ఏదో ఒక మాట చెప్పండి" అన్నాడు. పాతికేళ్ల సొంత దుకాణం మూసుకుని, తాను కత్తెర పట్టడం నేర్పినవాడి దగ్గర జీతానికి చేరడమా? వాడు పొగరుగా అడిగినా బాగుండేది. ఆ వినయమే బాబాయికి పుండు మీద కారమైంది.

"జనం లేచిపోయేది ఊసుపోక బావా" అని బామ్మర్ది తేల్చేశాడు. "చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్న ఆటలున్నాయే, గోడలు దూకేవి, ఇటుకలు పేర్చేవి, అవన్నీ ఇప్పుడు అరచేతిలో పట్టే పెట్టెలో వస్తున్నాయి. నలభై దాటినవాడి చేతిలో పెట్టి చూడు, మళ్లీ తీసుకోవడం నీ తరం కాదు."

అతను బల్ల మీద మూడు పెట్టెలు పరిచాడు. మొదటిది అగ్గిపెట్టెంత. దాని తెర చూడాలంటే కళ్లజోడు మీద కళ్లజోడు కావాలి. రెండోది నల్లగా నిగనిగలాడుతోంది. మూడోది బూడిద రంగుది, ధర నల్లదానిలో సగం. బాబాయి వాటిని కత్తెరలు ఎంచినట్టే ఎంచాడు. వేలి మీద నిలబెట్టి బరువు చూశాడు. మీటలు టకటకా నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఈ నల్లదానికీ బూడిదదానికీ తేడా ఏంట్రా?"

"నల్లదాంట్లో ఆట మధ్యలో ఆపినా, ఎక్కడ ఆపామో దానికి గుర్తుంటుంది. మళ్లీ అక్కణ్ణుంచే ఆడుకోవచ్చు. బూడిదదాంట్లో ఆపితే మళ్లీ మొదటికే. కానీ బ్యాటరీ ఎనిమిది గంటలొస్తుంది. నాలుగొందల ఆటలు."

"నాలుగొందలా!"

"అంటే, ఇరవయ్యే. పేర్లు మార్చి మళ్లీ మళ్లీ పెట్టారు."

"ఎవడు చూడొచ్చాడ్లే. ఇంతకీ అన్నీ గుర్తుపెట్టుకోవడం దేనికిరా? అదేమన్నా మీ అక్కా?" అని బాబాయి బూడిదదాన్నే జేబులో వేసుకున్నాడు.

మొదటిరోజు అనుకున్నదానికంటే బాగా జరిగింది. గ్యాసు బండలు వేసే అతను బెంచీ మీద కూర్చుని పెట్టె అందుకున్నాడు. ఐదు నిమిషాల్లో కుర్చీ ఖాళీ అయింది.

"రా నాయనా" అన్నాడు బాబాయి.

"పోస్టుమేన్ గారిని కానివ్వు బాబాయ్. నాకేం తొందర లేదు."

పోస్టుమేన్ అప్పటికే అతని భుజం మీంచి తెరలోకి తొంగిచూస్తున్నాడు. "అబ్బే, బీమా ఏజెంటు గారు పెద్దవారు. ముందు ఆయన."

"నాదేముంది, నిదానంగా కూర్చుంటాలే" అన్నాడు బీమా ఏజెంటు, తెర మీంచి చూపు తిప్పకుండా.

బాబాయికి కళ్లు చెమర్చాయి. పాతికేళ్లుగా ఆ బెంచీ మీద వంతు కోసం కొట్లాడుకున్నవాళ్లనే చూశాడు గానీ, ఇంత మర్యాద ఎన్నడూ చూడలేదు.

మూడోరోజుకు ఆ మర్యాద ముదిరిపోయింది. బెంచీ కిటకిటలాడుతోంది, కుర్చీ మాత్రం ఖాళీ. పెట్టె లేనివాళ్లు ఆట వంతు పోతుందని లేవరు, పెట్టె ఉన్నవాడిది ఒకటే జవాబు: "ఏడో మెట్టు మీదున్నాను బాబాయ్, ఇప్పుడు లేస్తే మళ్లీ మొదట్నుంచి ఆడాలి." సరే, ఆడుతూనే కుర్చీలో కూర్చోండని బాబాయి ఒక వెసులుబాటు ఇచ్చాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ మందు ఇదే.

బీమా ఏజెంటుది ఇరవై ఏళ్ల మీసం. బాబాయి దాని కుడి కొసను సరిచేస్తుండగా తెర మీది మనిషి గొయ్యి దాటడానికి ఎగిరాడు. అతనితోపాటు ఏజెంటూ ఎగిరాడు. తెర మీది మనిషి అవతలి గట్టున క్షేమంగా దిగాడు. మీసంలో సగం ఏజెంటు ఒళ్లో దిగింది.

"ఏదయ్యా, నా మీసమేది?" అని లబోదిబోమన్నాడు ఏజెంటు. "ఊరందరి ప్రాణాలకూ బీమా చేయించాను, నా మీసానికి చేయించుకోలేకపోయానే!"

మిగతా సగమూ తీసేయక తప్పలేదు. ఆయన ఇంటికి వెళ్తే భార్య తలుపు సందులోంచి చూసి, "ఆయన ఇంట్లో లేరండీ, సాయంత్రం రండి" అని గడియ వేసింది. దాంతో ఆయన తిరిగి సెలూన్‌కే వచ్చి, సాయంత్రం దాకా ఆడుతూ కూర్చున్నాడు.

ఆదివారం వచ్చింది. బెంచీ మీద ఎనిమిది మంది, నిలబడి ఆరుగురు. బాబాయి గుమ్మంలో నిలబడి, ఎదుటి అద్దాల వైపు గర్వంగా చూశాడు. మధ్యాహ్నం భార్య క్యారియర్ తెచ్చి, లోపలికి అడుగుపెట్టి, నేల వంక చూసింది.

"పొద్దుటి నుంచి ఊడ్చారా?"

"ఎక్కడ తీరింది? చూశావుగా జనాన్ని!"

"మరి వెంట్రుకలేవీ?"

బాబాయి కిందికి చూశాడు. నేల అద్దంలా మెరుస్తోంది.

"అటు చూడండి" అంది ఆవిడ. చెవుల మీద పడుతున్న జుట్టుతో పోస్టుమేన్ గుమ్మం దిగి, వీధి దాటి, ఎదుటి సెలూన్‌లో దూరాడు. ఇరవై నిమిషాల్లో నున్నగా కత్తిరించుకుని, పరుగున తిరిగొచ్చాడు. "నా వంతు దాటిపోలేదు కదా?" అన్నాడు, బెంచీ మీదివాళ్లతో. ఆట వంతు.

బాబాయి స్టూలు మీద కూలబడ్డాడు. పొద్దుటి నుంచి తాను కూర్చోబెట్టి కాలక్షేపం చేయిస్తున్నది శిష్యుడి బేరాలకు! ఇక ఆ మూడో కుర్చీయే గతి. లేచి, చొక్కా సర్దుకుని, వీధి దాటబోయాడు. ఇంతలో శిష్యుడే ఆయాసపడుతూ ఎదురొచ్చాడు.

"నేనే వద్దామనుకున్నాన్రా" అన్నాడు బాబాయి నీరసంగా.

"మీరెందుకు రావాలి గురువుగారూ, నాదే సిగ్గులేని బతుకు! అంత టీవీ పెట్టాను, అంత చల్లగాలి పెట్టాను. పని కాగానే ఒక్కడు నిలవడు. అందరూ మీ గుమ్మంలోకే పరుగు. పొద్దుటి నుంచి అద్దంలోంచి మీ జనాన్ని లెక్కపెడుతూనే ఉన్నా, పద్నాలుగు మంది! నాకు అన్నం సహించడం లేదు. ఆ పెట్టె నాకిచ్చెయ్యండి. ఎంతకంటే అంతకు."

"తీసుకో నా..." అని బాబాయి నోరు తెరిచాడు. భార్య ఆయన కాలు తొక్కింది.

"ఇవ్వలేం నాయనా" అంది ఆవిడ, గొంతులో బాధ నింపుకుని. "మాకున్న ఆధారం అదొక్కటే. అయినా పెంచిన చేతులు, నువ్వడిగితే కాదనలేం. ఒక్క షరతు. మూడో కుర్చీ మాట ఇకముందు ఎత్తకూడదు. ఈ జనం ముందే చెప్పు."

శిష్యుడు జనం ముందే చెప్పి, పెట్టెను రెండు చేతులతో అందుకున్నాడు. పద్నాలుగు మందీ అతని వెనకే ఊరేగింపుగా వెళ్లిపోయారు. సెలూన్ బోసిపోయింది.

"ఎంత పని చేశావే!" అన్నాడు బాబాయి.

"అన్నం తినండి" అంది ఆవిడ.

నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, గ్యాసు బండలతను తల గోక్కుంటూ వచ్చాడు. "అక్కడ ఒక కుర్చీలో ఆడేవాడు, మిగతా రెండింట్లో ఆట వంతు కోసం కాచుకున్నవాళ్లు బాబాయ్. నా వంతు వచ్చేలోపు ఈ తల సంగతి చూద్దూ." అతని వెనక ఇంకొకడు, వాడి వెనక ఇద్దరు. సాయంత్రానికి ఆవిడ నేల మూడుసార్లు ఊడ్చింది.

పది రోజుల తర్వాత శిష్యుడు మాసిన గడ్డంతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మా దగ్గర కుర్చీ ఖాళీ కావడం లేదు గురువుగారూ. కాస్త నాకూ..."

"దానికేం భాగ్యం, కూర్చో" అన్నాడు బాబాయి, కత్తెర ఆపకుండా. "నీ ముందు ఐదుగురున్నారు."